మా ఇల్లు అనే ఫోల్డర్

బ్రౌజ్ అక్క పోయిందన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను కొత్తగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర స్కూటీ మీద ఉన్నాను. పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపు అది. ఎప్పుడైనా పుట్టినరోజు కేకు బొమ్మలు తప్ప అందులో ఏమీ రావు. ఆ రోజు ఆమె ఫోటో వచ్చింది, కింద రెండు చేతులు జోడించిన బొమ్మతో. వెనక కారువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడే! "పోతున్న ఆగు, నీ పెండ్లికి ఆలస్యమైతుందా ఏంది?" అని వాడి మీద అరిచాను. తర్వాత బండి పక్కకు తీసి, కొబ్బరిబొండాలవాడి పక్కన నిలబడి ఏడ్చాను. వాడు ఏమీ అడగకుండా ఒక బొండాం కొట్టి చేతిలో పెట్టాడు.

ఆమెకు చక్కటి పేరే ఉంది. హైటెక్ సిటీలో మా ఆఫీసులో మాత్రం ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మేము స్కానింగ్ సెంటర్లకు సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేవాళ్ళం. ఆమె దాన్ని పరీక్షించే టెస్టర్. నేను సపోర్ట్, అంటే సెంటర్ల వాళ్ళు ఫోన్ చేసి తిడితే వినే ఉద్యోగం. ఆమెది బాపట్ల వైపు, మాది నల్లగొండ. మొదటి రోజు నుంచి నేను అక్కా అన్నాను, ఆమె అమ్మాయ్ అంది. ఆఫీసులో మిగతా అందరికీ, కాఫీ మిషన్ దగ్గరి మనిషితో సహా, 'అండి' తగిలించేది. కోపం వస్తే ఇంకో రెండు 'అండి'లు ఎక్కువ పడేవి. దాన్నిబట్టే ఆమెకు కోపం వచ్చిందని మాకు తెలిసేది.

బ్రౌజ్ అక్క అన్న పేరు ఎలా వచ్చిందంటే, కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకున్నా మధ్యలో ఒక తెర వస్తుంది కదా. 'దీన్ని ఎక్కడ పెట్టాలి?' అని అడుగుతుంది. అడుగుతూనే, సి డ్రైవ్‌లో ఫలానా చోట అని జవాబు కూడా తనే రాసేసుకుంటుంది. మనమందరం నెక్స్ట్ నొక్కేసి టీకి పోతాం. పక్కనే బ్రౌజ్ అని ఇంకో మీట ఉంటుంది. అది నొక్కితే మనకిష్టమైన వేరే చోటు చూపించొచ్చు. దాని మొహం ఎవరూ చూడరు. అక్క మాత్రం ఎప్పుడూ అదే నొక్కేది. నొక్కి, 'మా ఇల్లు' అని తెలుగు అక్షరాల్లో ఒక ఫోల్డర్ చేసి, దాన్ని చూపించేది.

ఆ రెండు మాటలు, సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో కూర్చోబెట్టే ఎన్ని ఇన్‌స్టాలర్ల ప్రాణం తీశాయో చెప్పలేను. కొన్నింటికి తెలుగు అక్షరాలు పడవు. కొన్నింటికి 'మా'కీ 'ఇల్లు'కీ మధ్య ఉన్న ఖాళీ పడదు. కొన్ని సరేనని తలూపి, సగం సామాను అక్కడ పెట్టి, మిగతా సగం గప్‌చుప్‌గా సి డ్రైవ్‌లోనే దాచుకుంటాయి. ఒక్కోసారి తెర మీద ఎర్రటి గుర్తుతో, ఈ చోటు చెల్లదు అని వచ్చేది. అక్క కుర్చీలో వెనక్కి వాలి, హాలంతా వినపడేలా, "మా ఇల్లు చెల్లదంటండీ!" అనేది. నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. అద్దె ఇళ్ళు మారీ మారీ విసిగిపోయిన మనిషి, నవ్వకుండా అనేది ఆ మాట.

బయట కూడా ఆమెది ఇదే వరస. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో ఆగిపోయి, "చెప్పులు ఎక్కడ పెట్టమంటారండీ?" అని అడిగేది. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, "ఎక్కడన్న ఇడువక్కా, నీకు కూడ చెప్పాల్నా!" అన్నాను. "ఎక్కడన్నా అంటే ఎక్కడమ్మాయ్?" అని చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. నేను వచ్చి వేలు పెట్టి చూపించిందాకా లోపలికి రాలేదు. క్యాంటీన్లో డబ్బా పెట్టాలన్నా అంతే, వానాకాలం గొడుగు పెట్టాలన్నా అంతే. ఎదుటివాళ్ళు చెప్పాలి, ఆమె అక్కడే పెట్టాలి. నాకైతే ఒక్కోసారి ఒళ్ళు మండేది.

మా ఇన్‌స్టాలర్‌తో ఆమెకు పెద్ద గొడవే అయింది. ఏ ఫోల్డర్ చూపించినా, అది దాంట్లోపల మళ్ళీ కంపెనీ పేరుతో ఒక చిన్న ఫోల్డర్ చేసుకుని అందులో కూర్చునేది. అక్క నేరుగా దాన్ని రాసిన డెవలపర్ కుర్చీ పక్కకు వెళ్ళి నిలబడింది.

"చూపించిన చోట మళ్ళీ మీ పేరుతో ఒక గది కట్టుకున్నారేంటండీ? మిమ్మల్ని కట్టమన్నదెవరండీ?"

"స్టాండర్డ్ మేడమ్. అందరు గట్లనే చేస్తరు."

"ఎక్కడ పెట్టాలని మీరే అడిగారా లేదా? అడిగితే వినాలి కదండీ. వినే ఉద్దేశం లేనప్పుడు అడగడం ఎందుకండీ?"

అయిదు వాక్యాల్లో నాలుగు 'అండి'లు పడ్డాయంటే ఇక అయిపోయినట్టే. అతను రెండు రోజులు మొండికేసి, చివరికి విసిగిపోయి ఆ గది తీసేశాడు. ఇక మీద ఏ చోటు చూపిస్తే నేరుగా ఆ చోటే. అక్క గెలిచింది. మాకు బిస్కెట్లు కూడా పంచింది. ఆ గెలుపే తర్వాత ఒక మనిషి కొలువు మీదికి వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ మనిషి మూసాపేటలో ఒక స్కానింగ్ సెంటర్ టెక్నీషియన్. పెద్ద సెంటర్ కాదు, మెట్రో స్టేషన్ వెనక సందులో మెట్లెక్కి వెళ్ళాలి. నాకు ఫోన్‌లో బాగా పరిచయం. మా సాఫ్ట్‌వేర్ వేసుకునే రోజు ఫోన్ చేశాడు.

"మేడమ్, సి ల జర్ర కూడ జాగ లేదు. డి ల 'స్కాన్‌లు' అని ఫోల్డర్ ఉంది, పాత బొమ్మలన్ని అండ్లనే ఉన్నయి. ఇది కూడ అండ్లనే పెడ్త. ఏమన్న పరేషాన్ ఉంటదా? మా సార్ జర కోపం మనిషి. ఏమన్న అయితే నన్ను ఇంటికి పంపుతడు."

నేను జవాబు వెతుక్కునేలోపే, పక్క సీట్లోంచి అక్క నా హెడ్‌సెట్ లాక్కుంది. "నిక్షేపంగా పెట్టుకోండి. మీరెక్కడ చూపిస్తే అక్కడే ఉంటుంది, ఇంకో చోటికి పోదు. నాదండీ పూచీ" అంది. అవతల ఆయన, "మీరు చెప్పినంక ఇగ ఫికర్ లేదు మేడమ్" అన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది.

కొన్ని నెలల తర్వాత కొత్త వెర్షన్ తయారైంది. పొద్దున సెంటర్లన్నింటికీ పంపించాం. అది వెయ్యగానే ముందు పాత వెర్షన్‌ను తీసేసి, ఆ తర్వాత తను కూర్చుంటుంది. పరీక్షలన్నీ ముందే అయ్యాయి, అక్క కూడా సరే అంది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, ఊరికే చూద్దామని తన సొంత ల్యాప్‌టాప్‌లో కూడా వేసింది. అందులోనూ 'మా ఇల్లు' ఉంది. ముందు రోజు సాయంత్రం, కూతురు సండే స్కూల్లో దేవదూత వేషం వేసిన ఫోటోలు ఫోన్ నుంచి ఎక్కిస్తూ, పొరపాటున ఆ ఫోల్డర్లో వేసింది.

కొత్త వెర్షన్ చక్కగా కూర్చుంది. ఫోటోలు లేవు.

నేను పక్కనే ఉన్నాను. అక్క అటూ ఇటూ వెతికింది, చెత్తబుట్ట బొమ్మ తెరిచి చూసింది. తర్వాత మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఫోన్ల ఉన్నయి కదక్కా ఫోటోలు?" అన్నాను.

"ఫోటోల సంగతి కాదమ్మాయ్. గది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. పాత వెర్షన్‌ను తీసెయ్యడమంటే, అది ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా తీసెయ్యడం. ముందు నుంచీ అలాగే రాసి ఉంది. కంపెనీ పేరుతో వేరే గది ఉన్నన్నాళ్ళూ ఏ బాధా లేదు, ఆ గదిలో ఉన్నవన్నీ మావే. గదిని తీసేయించాం. తీసేసే పద్ధతిని మాత్రం మార్చలేదు.

"తీసేసేది కూడ నువ్వు టెస్ట్ చేసినవ్ కదక్కా?"

"చేశాను. చాలాసార్లు చేశాను. కానీ మా ఇల్లు ఎప్పుడూ ఖాళీ ఇల్లే కదమ్మాయ్. ఖాళీ ఇంట్లో ఎవరి సామాను పోతుంది?" అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. వెంటనే లేచి నిలబడి, "మూసాపేట" అంది.

నేను ఫోన్ అందుకున్నాను. టెక్నీషియన్ నంబర్ మోగుతోంది, ఎత్తడం లేదు. స్కానింగ్ గదిలోకి వెళ్ళేటప్పుడు ఫోన్ బయట పెట్టి వెళ్తాడు, నాకు తెలుసు. సెంటర్ నంబర్ ఎంగేజ్. మిగతా సెంటర్లకు పక్కవాళ్ళు చేశారు. ఆ సెంటర్లవాళ్ళందరూ నెక్స్ట్ నొక్కి టీకి పోయినవాళ్ళే, సి డ్రైవ్‌లోనే పెట్టుకున్నారు, ఏ ప్రమాదమూ లేదు. బ్రౌజ్ నొక్కింది మూసాపేట ఒక్కటే. అది కూడా అక్క పూచీ మీద. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎంగేజ్. అక్క అప్పటికే హెల్మెట్ తీసుకుని లిఫ్ట్ దగ్గర ఉంది.

కైతలాపూర్ ఫ్లైఓవర్ ఎక్కేదాకా నా స్కూటీ మీద బాగానే వచ్చాం. దిగే దగ్గర బండ్లన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. అక్క వెనక కూర్చుని నా ఫోన్‌తో డయల్ చేస్తూనే ఉంది. "ఎత్తండి, ఎత్తండి, ఎత్తండి సారూ" అని ఆమె గొణగడం నా వీపుకు తెలుస్తోంది. నేను ఒక లారీకి, ఆటోకి మధ్య నుంచి దూర్చి, ఆటోవాడితో తిట్లు తిని, వాడికి రెండింతలు తిట్లు ఇచ్చి, ఎలాగో ఆ సందులో పడ్డాను. బండికి స్టాండ్ కూడా వెయ్యలేదు, గోడకు ఆనించి వదిలేశాను.

మెట్ల మీద, 'చెప్పులు బయట విడువవలెను' అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. అక్క దాని పక్క నుంచే చెప్పులతో లోపలికి పరిగెత్తింది. ఆమె అడక్కుండా ఒకరి గడప దాటడం నేను చూసింది ఆ ఒక్కసారే.

లోపల బెంచీల మీద జనం. కౌంటర్ వెనక కంప్యూటర్. తెర మీద 'పాత వెర్షన్ తొలగించబడుతోంది' అన్న పెట్టె, దాంట్లో ఆకుపచ్చ గీత నెమ్మదిగా కుడివైపుకు జరుగుతోంది. టెక్నీషియన్ అప్పుడే లోపలి గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు.

"ఆపండి!" అని అక్క అరిచింది.

"ఎవరమ్మా మీరు? ఏందిది?" అని ఆయన అడ్డం వచ్చాడు. అక్క ఆయన చెయ్యి తోసేసి, బల్ల కిందికి దూరి, కంప్యూటర్ వెనక వైరు పట్టుకుని లాగేసింది. తెర నల్లబడింది.

"మీరు ఫోన్‌లో మాట్లాడారు నాతో. పూచీ అన్నాను చూడండి, ఆ మనిషిని" అంది బల్ల కిందనే, ఇంకా వైరు చేతిలోనే పట్టుకుని.

మళ్ళీ ఆన్ చేసి చూస్తే స్కాన్‌ల ఫోల్డర్ ఉంది, కానీ అందులో మొదటి భాగం లేదు. రోగుల పేర్లతో, ఇంగ్లీషు అక్షరాల వరసలో ఫోల్డర్లు పెట్టుకున్నాడాయన. 'ఏ' అక్షరం మొత్తం పోయింది, 'బి' సగం దాకా పోయింది. ఆయన తెరవైపే చూస్తూ, "నేనేం నొక్కలే మేడమ్, నెక్స్ట్ అంటే నెక్స్ట్ అన్న, అంతే" అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. అంతలో గొడవ విని డాక్టరుగారు తన గదిలోంచి బయటికి వచ్చారు. సెంటర్ ఆయనదే.

"ఏం నొక్కినవ్?" అన్నారు టెక్నీషియన్‌తో. మమ్మల్ని చూడనైనా లేదు. "ఏం జెయ్యకు, ఏం ముట్టకు అని ఎన్నిసార్లు జెప్పిన నీకు? పేషెంట్లకు ఏం జెప్పాలె ఇప్పుడు? తాళాలు కౌంటర్ మీద పెట్టి ఇంటికి పో."

ఆయన నిజంగానే జేబులోంచి తాళాలు తీశాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. మా మేనేజర్. ఎత్తగానే, "ఆవిడని మాట్లాడనివ్వకు. డి డ్రైవ్ ఆయనే కదా సెలెక్ట్ చేసుకుంది? రాంగ్ ఫోల్డర్ పెట్టుకున్నాడు, తప్పు వాడుకున్నవాడిదే, యూజర్ ఎర్రర్ అని చెప్పి వచ్చెయ్. అర్థమైందా? యూజర్ ఎర్రర్" అన్నాడు. అక్క చెయ్యి చాపింది. ఇచ్చేశాను. దేవుడి దయవల్ల ఇచ్చేశాను.

అక్క కాసేపు విన్నది. తర్వాత డాక్టరుగారి మొహంలోకి చూస్తూ, ఫోన్‌లో మేనేజర్‌తో మాట్లాడింది. ఒక్కో మాటా గదిలో అందరికీ వినపడింది.

"లేదండీ. ఆయన తప్పు లేదండీ. ఎక్కడ పెట్టాలని మనం అడిగామండీ, ఆయన చెప్పాడండీ. పెట్టొచ్చా అని ఫోన్ చేసి మరీ కనుక్కున్నాడండీ, పెట్టుకోమన్నది నేనండీ. ఆయన ఇంట్లో చోటిస్తే కూర్చున్నాం. పోయేటప్పుడు మన సామానుతో పాటు ఆయన ఇల్లంతా ఊడ్చుకుపోయాం. దీన్ని యూజర్ ఎర్రర్ అని నేను చెప్పనండీ. ఇంకెవరినైనా పంపించి చెప్పించుకోండి."

ఫోన్ పెట్టేసి, "డాక్టరుగారూ, తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి. ఆ తాళాలు మాత్రం ఆయనకి ఇచ్చెయ్యండి" అంది.

ఆయన తిట్టారు. మామూలుగా కాదు, దులిపేశారు. కంపెనీ మీద కేసు వేస్తానన్నారు. అక్క తల వంచుకుని నిలబడింది. చివరికి డాక్టరుగారు అలిసిపోయి, టెక్నీషియన్ వైపు తిరిగి, "లోపల పేషెంట్ ఉంది, పో" అన్నారు. ఆయన తాళాలు మళ్ళీ జేబులో వేసుకుని లోపలికి వెళ్ళాడు. హమ్మయ్య అనుకున్నాను.

అక్క అక్కడే కూర్చుని, పోయిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే ప్రయత్నాలన్నీ చేసింది. కూర్చునే ముందు బయటికి వెళ్ళి చెప్పులు విడిచి వచ్చింది. చాలా బొమ్మలు తిరిగి వచ్చాయి. కొన్ని రాలేదు. రానివాళ్ళ పేర్లు కౌంటర్ అమ్మాయిని అడిగి, వాళ్ళకు తనే ఫోన్లు చేసింది. "మీ పాత స్కాన్ మా సాఫ్ట్‌వేర్ వల్ల పోయిందండీ. సెంటర్ వాళ్ళ తప్పు కాదండీ" అని మొదలుపెట్టేది. అవతల కొందరు సరేలే అన్నారు, కొందరు నోటికొచ్చినట్టు అన్నారు. అక్క అన్నింటికీ "అవునండీ" అంది.

మర్నాడు ఆఫీసులో మేనేజర్ ఒంటికాలి మీద లేచాడు. అతనికి దొరికిన పరిష్కారం, బ్రౌజ్ మీటనే తీసెయ్యడం. అడగొద్దు, చెప్పించుకోవద్దు, అందరిదీ సి డ్రైవ్‌లోనే పడెయ్యండి, పీడా పోతుంది. అక్క ఒప్పుకోలేదు. "సి లో చోటు లేనివాళ్ళు ఏమైపోవాలండీ? అడగడం తప్పు కాదు. వినడమూ తప్పు కాదు. పోయేటప్పుడు మనం తెచ్చుకున్నవే తీసుకుపోవాలి, అంతే కదండీ" అంది. డెవలపర్ ఏమనుకున్నాడో ఏమో, ఈసారి ఆమె పక్కన నిలబడ్డాడు. ఏయే ఫైళ్ళు మేము పెట్టామో ఇన్‌స్టాలర్ గుర్తుపెట్టుకుని, తీసేసేటప్పుడు వాటినే తీసేలా మార్చాడు. చివరి తెర మీద వచ్చే మాట మాత్రం అక్కే రాసింది. 'మేము తెచ్చినవి తీసుకున్నాం. మీవి మీ దగ్గరే ఉన్నాయి.'

ఆ తర్వాత ఆమె 'మా ఇల్లు' ఎప్పుడూ ఖాళీగా లేదు. కూతురి ఫోటోలు, చనిపోయిన వాళ్ళమ్మ గొంతుతో ఉన్న పాట, ఇంటి అద్దె కాగితాలు అన్నీ అందులో వేసి, అప్పుడు పరీక్ష చేసేది. "పిచ్చా నీకు? ఉత్త ఫైళ్ళు పెట్టొచ్చు కదా!" అని నేను అరిచాను. "ఉత్తవైతే చెయ్యి వణకదమ్మాయ్. పోతే నావే పోవాలి" అంది. వేరే చోట కాపీ ఉందా అంటే, ఉందిలే అంది. నేను నమ్మలేదు. ఆమె నెక్స్ట్ నొక్కిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకునేదాన్ని.

తర్వాత ఆఫీసులో మనుషుల్ని తగ్గించినప్పుడు ఆమె పేరు ముందే వచ్చింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎందుకో అందరికీ తెలుసు. సెక్యూరిటీ మనిషి పక్కన నిలబడి ఉండగా సొరుగు ఖాళీ చేసింది. తన స్టీలు గ్లాసు, దిండు, శాలువా సంచిలో వేసుకుంది. కంపెనీ ఇచ్చిన కప్పు కడిగి బల్ల మీద బోర్లించింది. "ఐడీ కార్డు ఎక్కడ పెట్టమంటారండీ?" అని అతన్ని అడిగింది. అతను బిత్తరపోయి చెయ్యి చాపాడు.

ఇదంతా తలుచుకుంటూనే శేరిలింగంపల్లిలో ఆమె ఇంటికి చేరాను. మొదటి అంతస్తు, అద్దె ఇల్లే. మెట్ల మీద చెప్పుల గుట్టలు. లోపల పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. అక్కను పడుకోబెట్టిన పెట్టె పక్కన కూతురు కూర్చుని ఉంది, అచ్చం అక్క మొహమే. అక్కకు జబ్బు చేసిన సంగతి నాకు తెలియదు. ఎవరికీ చెప్పలేదట. ప్రార్థన అయ్యాక నేను వసారాలోకి వచ్చి నిలబడ్డాను. మెట్ల మీద ఒకాయన చేతిలో చెప్పులతో ఆగి ఉన్నాడు.

"చెప్పులు ఏడ పెట్టమంటరు మేడమ్?" అన్నాడు. గొంతు వినగానే గుర్తుపట్టాను. మూసాపేట అన్న. జుట్టు బాగా నెరిసింది. గోడ పక్కన చోటు చూపించాను. అక్కడ పెట్టి, లోపలికి పోయి దండం పెట్టి, మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు.

"ఆ దినం బండి మీద వచ్చిన మేడమ్ మీరే కదా?"

"అవునన్నా. నీకెట్ల తెలిసింది ఈమె సంగతి?"

"మా దగ్గరికే వస్తుండె, స్కానింగ్‌కు."

"ఇక్కడ్నుంచి మూసాపేటకా? ఇంత పెద్ద పెద్ద దవాఖానలు పక్కనే పెట్టుకుని?"

"నేను కూడ గదే అడిగిన. మీ దగ్గరైతే నాకు నమ్మకం అండి అన్నది." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "స్కాన్ ఫిల్మ్ ఇస్తే తీస్కపోయేది కాదు మేడమ్. ఇంట్ల పెడితే బిడ్డ చూస్తది, దానికి పరీక్షలు అయ్యేదాక మీ కంప్యూటర్లనే ఉంచుండ్రి అన్నది. గట్లనే ఉంచిన. ఆ డి ల, ఆ స్కాన్‌ల ఫోల్డర్లనే. ఆమె పేరు 'ఏ'తోనే మొదలైతది కదా, పొద్దున తెరువంగనే అన్నిట్ల ముందు ఆమెదే కనవడుతది."

ఆ రోజు అందరికంటే ముందు తుడిచిపెట్టుకుపోయిన అక్షరం అది. లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆయన కాసేపు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"సార్ పాతయి తీసెయ్యమంటుండు, జాగ సాల్తలేదని. ఇగ ఆమె లేకపాయె. ఆ బిడ్డను అడుగుదామంటే నోరొస్తలేదు. ఏం జెయ్యమంటరు మేడమ్? తీసెయ్యాల్నా?"

కిటికీలోంచి చూశాను. కూతురు పెట్టె మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుని ఉంది.

"తియ్యకన్నా," అన్నాను. "అది మనం తెచ్చింది కాదు. ఆమె ఎక్కడ పెట్టమన్నదో అక్కడనే ఉండనియ్యి."